పదేళ్ళు దాటిన పిల్లి ఒక్కసారే ఇల్లు మారాలి

షెల్టర్‌లో పిల్లికూనలకు ఇల్లు త్వరగానే దొరుకుతుంది. పదేళ్ళు దాటిన పిల్లి మాత్రం అదే గదిలో, అదే దుప్పటి మీద నెలల తరబడి ఉండిపోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "అయ్యో పాపం" అని పక్క గదిలోకి నడుస్తారు. వయసు చూసి వెనకాడారని అనుకుంటాం. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు భయాలు బయటికొస్తాయి. దీనికేం జబ్బుంది? నెలకెంతవుతుంది? ఇంకెన్నాళ్ళుంటుంది? మందు వేయడం మా చేతనవుతుందా? ఈ ప్రశ్నలకు మన దగ్గర కాగితం మీద జవాబుంటే సగం మంది మళ్ళీ వెనక్కి వచ్చి ఆ పిల్లిని చూస్తారు.

"పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు" అంటాం. ముసలి పిల్లి రెండిళ్ళు తిరిగినా తట్టుకోలేదు. చోటు మారిన బెంగతో తిండి మానేస్తుంది, ఎప్పుడో చిన్నప్పటి హెర్పిస్ వైరస్ తిరగబెట్టి ముక్కు కారుతుంది, ముక్కు మూసుకుపోతే వాసన తెలియక మళ్ళీ తిండి మానేస్తుంది. అందుకే పరీక్షలు, పత్రాలు, ఇంటి ఎంపిక, శిక్షణ అన్నీ పిల్లి షెల్టర్ గడప దాటకముందే పూర్తవ్వాలి. ఇచ్చాక సర్దుకుందాంలే అంటే అది తిరిగి వచ్చేస్తుంది, వచ్చినప్పుడు వెళ్ళినప్పటికంటే బలహీనంగా ఉంటుంది.

ముందు వయసు సంగతి. వెట్ల (పశువైద్యుల) లెక్కలో 7 నుంచి 10 ఏళ్ళు నడివయసు, 10 దాటితే సీనియర్. ఇంటిపట్టున ఉండే పిల్లి 15 ఏళ్ళు బతకడం మామూలే, 18 దాటినవీ ఉంటాయి. వీధిలోంచి వచ్చిన పిల్లి ఎప్పుడు పుట్టిందో ఎవరూ చెప్పలేరు. పళ్ళు చూసి అంచనా కడతారు గానీ పెద్ద పిల్లుల్లో ఆ లెక్క నిలవదు, మూడేళ్ళకే నోరంతా పాడైన పిల్లులుంటాయి. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర అక్కడక్కడా పలచబడి చిరుగులు పట్టినట్టుండటం, కంటి లోపల నీలిమసక, వెన్ను మీద కండ తగ్గి ఎముకలు చేతికి తగలడం, గోళ్ళు మందమై పూర్తిగా లోపలికి పోకపోవడం, వీటన్నిటినీ కలిపి చూడాలి. అలా చూశాక కూడా ఒక అంకె వేయకుండా "10–12 ఏళ్ళు" అని రాయడమే సరి. ఇల్లు త్వరగా దొరుకుతుందని ఏడేళ్ళని రాస్తే, కొత్త ఇంటివాళ్ళు తమ వెట్ దగ్గరికి వెళ్ళిన మొదటి రోజే నిజం తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు చెప్పిన ఏ మాటనీ నమ్మరు.

ఇక పరీక్షలు. రక్తంలో సీబీసీ (రక్తకణాల లెక్క), కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్, యూరియా, ఎస్‌డీఎంఏ, షుగర్, థైరాయిడ్ టీ4, మూత్రం, బీపీ, ఎఫ్‌ఐవీ, ఫెల్వ్ అనే పిల్లి వైరస్‌లకు కిట్ పరీక్ష, పళ్ళు. ముసలి పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కిడ్నీ జబ్బు. క్రియాటినిన్ బాగుంది కదా అని ఊరుకోకూడదు. కిడ్నీ పనితనం దాదాపు ముప్పాతిక వంతు పోయేదాకా ఆ అంకె పెరగకపోవచ్చు, పైగా కండ కరిగిన పిల్లిలో అది ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. ఎస్‌డీఎంఏ కాస్త ముందే పసిగడుతుంది. మూత్రం చిక్కదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) మరీ ముఖ్యం, 1.035 కంటే తక్కువ వస్తే కారణం వెతకాల్సిందే. మూత్రం పట్టడం కష్టమని చాలామంది ఈ పరీక్ష వదిలేస్తారు. పిల్లి మలమూత్రాలకు పెట్టే ట్రేలో లిట్టర్ (ఇసుకలాంటి పొడి) తీసేసి, కడిగి ఆరబెట్టిన అక్వేరియం గులకరాళ్ళు పలచగా పరిస్తే చాలు, అవి మూత్రాన్ని పీల్చవు. అడుగున చేరినదాన్ని సిరంజితో తీసి రెండు మూడు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి.

రెండు అంకెలు తరచూ దారి తప్పిస్తాయి. భయపడిన పిల్లికి షుగర్ పెరుగుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. ఒక్క షుగర్ రీడింగ్ చూసి డయాబెటిస్ అని ముద్ర వేస్తే దానికిక ఇల్లు దొరకదు, కాబట్టి గత రెండు మూడు వారాల సగటు షుగర్ చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించి తేల్చుకోవాలి. బీపీకి పది నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచి, మొదటి రీడింగ్ వదిలేసి, తర్వాతి ఐదారింటి సగటు తీయాలి. అది మళ్ళీ మళ్ళీ 160 దాటుతుంటే మందు గురించి వెట్‌తో మాట్లాడాలి. బీపీ ఎక్కువైన ముసలి పిల్లి రాత్రికి రాత్రి చూపు కోల్పోవచ్చు. బాగా తింటూ చిక్కిపోతుంటే, రాత్రిళ్ళు గట్టిగా అరుస్తుంటే థైరాయిడ్ రిపోర్టు రాకుండా ఎవరికీ ఇవ్వకండి.

ఎఫ్‌ఐవీ పాజిటివ్ అనగానే చేతులెత్తేయక్కర్లేదు. అది ముఖ్యంగా లోతైన కాట్ల వల్ల సోకుతుంది, మనుషులకు రాదు. ఒంటరి పిల్లిగా ఉండే ఇల్లు చూస్తే చాలు. పర్షియన్ల విషయంలో మాత్రం అల్ట్రాసౌండ్ తప్పనిసరి. ఆ జాతిలో కిడ్నీల్లో నీటితిత్తులు వంశపారంపర్యంగా వస్తాయి, కొని పెంచి వయసు మీదపడ్డాక వదిలేసిన పర్షియన్లు హైదరాబాద్ షెల్టర్లకు వస్తూనే ఉంటాయి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమైతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులను అడగండి.

పళ్ళ పని షెల్టర్‌లోనే పూర్తి చేయించాలి. నోటి నొప్పితో వెళ్ళిన పిల్లి కొత్త ఇంట్లో తినకపోతే, అది బెంగో నొప్పో ఎవరికీ అర్థం కాదు. రక్తపరీక్షలు చూశాకే మత్తు ఇస్తారు కాబట్టి రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకోవచ్చు. పాడైన పళ్ళన్నీ తీసేశాక పిల్లి ఏం తింటుందని దత్తతకు వచ్చినవాళ్ళు అడుగుతారు. చిగుళ్ళు మానాక తడి తిండి శుభ్రంగా తింటుంది, చిన్న గుళికలనైతే నమలకుండానే మింగేస్తుంది.

కీళ్ళనొప్పి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ముసలి పిల్లులు తిరిగి రావడానికి ఇదొక పెద్ద కారణం. వాపసు తెచ్చినవాళ్ళు "ట్రే బయట పోస్తోంది" అంటారు. చాలాసార్లు పిల్లి ట్రే దాకా వస్తుంది, గోడ ఎత్తుగా ఉండటంతో నడుం వంచి ఎక్కలేక పక్కనే పోస్తుంది. ట్రేకు ఒక పక్క ఎత్తు 8 నుంచి 10 సెంటీమీటర్లు మించకూడదు. బజార్లో అలాంటిది దొరక్కపోతే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, ఒకవైపు U ఆకారంలో కోసి, అంచుకు టేపు చుట్టండి. పొడవు పిల్లికి ఒకటిన్నర రెట్లుండాలి. లిట్టర్ సన్నగా, మెత్తగా ఉండాలి, మూడు నాలుగు సెంటీమీటర్ల మందం చాలు. మరీ మందంగా పోస్తే కాళ్ళు కూరుకుపోయి నిలదొక్కుకోలేదు. నడుం మీద బొచ్చు ఉండలు కట్టిందంటే అక్కడికి నాలుక అందడం లేదన్నమాట, అది కూడా నొప్పి గుర్తే. ఇంట్లో ఉన్న డోలో, క్రోసిన్ ఇవ్వకూడదని తీసుకెళ్ళేవాళ్ళకు నోటితో చెప్పండి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఇవ్వండి. వాటిలో ఉండే పారాసిటమాల్‌ను పిల్లి లివర్ విరగ్గొట్టలేదు. మనిషి మాత్ర ఒక్కటి చాలు, ప్రాణం పోతుంది.

ఇవన్నీ అయ్యాక పిల్లి గురించి ఒక్క పేజీ రాయండి. జాలి పుట్టించే మాటలు వద్దు. "చచ్చేలోపు ఒక ఇల్లు ఇవ్వండి" అని పెడితే లైకులు వస్తాయి, ఇల్లు రాదు. ఆ పేజీ ఇలా ఉండొచ్చు, పేరు ఉదాహరణకే:

"గౌరి. ఆడపిల్లి, 11–12 ఏళ్ళు, 3.4 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ట్రైక్యాట్ (మూడు పిల్లి జబ్బులకు కలిపి వేసేది), రేబీస్ టీకాలు అయ్యాయి. కిడ్నీ జబ్బు రెండో దశలో ఉంది. రోజూ మందు లేదు, కిడ్నీ డైట్ మాత్రమే. నాలుగు పళ్ళు తీశారు. కుక్కలంటే భయం, మరో పెద్ద పిల్లి ఉంటే పట్టించుకోదు. ఒళ్ళో కూర్చోదు, పక్కన ఆనుకుని పడుకుంటుంది. ఎత్తుకోవడం ఇష్టముండదు. తెల్లారుజామున తిండి కోసం అరుస్తుంది. ఆరు నెలలకోసారి చేసే రక్తపరీక్ష ఖర్చు షెల్టర్‌దే."

తెల్లారుజామున అరుస్తుందని ముందే రాస్తే, నిద్ర చెడితే సహించలేనివాళ్ళు ఫోనే చేయరు. అదే మనకు కావాలి. ఫోటో కూడా జాగ్రత్తగా తీయాలి. కటకటాల వెనకనుంచి వద్దు. మీరు నేల మీద పడుకుని, పిల్లి కంటి ఎత్తులో, కిటికీ వెలుతురులో తీయండి. అర నిమిషం వీడియోలో నడక, తిండి, చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో కనిపించాలి. ఇన్‌స్టాగ్రామ్, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు సరే, అన్నిటికంటే మంచి సంబంధాలు వెట్ల దగ్గర దొరుకుతాయి. ఈమధ్యే తమ ముసలి పిల్లిని పోగొట్టుకున్నవాళ్ళు ఎవరో వాళ్ళకు తెలుసు. అలాంటి ఇంట్లో మందు వేయడం, ట్రే పెట్టడం కొత్తగా నేర్పక్కర్లేదు. కొన్నాళ్ళు ఆగి, వెట్ చేతే అడిగించండి.

ఇంటిని ఎంచేటప్పుడు నిశ్శబ్దం, స్థిరత్వం చూడాలి. ఎప్పుడూ ఇంటిపట్టున ఉండే రిటైరైన దంపతులు చక్కటి జోడీ అనిపిస్తారు, నిజంగానే చాలాసార్లు అవుతారు. కానీ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: "అండీ, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలుంటే పిల్లిని ఎవరు చూస్తారు?" మన ఇళ్ళల్లో ఇది వట్టి ఊహ కాదు, ఏడాదికో రెండేళ్ళకో వచ్చే ప్రయాణం. పక్కింటి అమ్మాయో తమ్ముడో ఎవరో ఒకరి పేరు, ఒప్పుకోలు ఆ రోజే రాసుకోండి. పేరు చెప్పలేకపోతే ఆగండి. రాబోయే రోజుల్లో ట్రాన్స్‌ఫర్, కాన్పు, ఇల్లు మారడం ఉన్నవాళ్ళను కూడా ఆ పని అయ్యాక రమ్మనండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇల్లు, అల్లరి చేసే పిల్లికూన ఉన్న ఇల్లు కీళ్ళనొప్పి పిల్లికి పనికిరావు.

శాకాహారుల ఇళ్ళు చాలా ప్రేమగా చూసుకుంటాయి, అయితే ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. పిల్లి మాంసం మీదే బతికే జంతువు. పెరుగన్నం, పాలు పోసి పెంచితే మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందక చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో మాంసం వండకపోయినా ఫర్వాలేదు, చికెన్, చేప ఉన్న ప్యాకెట్ తిండి పెట్టడానికి ఇంట్లో పెద్దవాళ్ళంతా ఒప్పుకోవాలి. అత్తగారు ఒప్పుకోకుండా కోడలు తెచ్చుకున్న పిల్లి వారంలో తిరిగొస్తుంది, కాబట్టి ఇంటికి వెళ్ళినప్పుడు అందరితోనూ మాట్లాడండి.

అద్దె ఇల్లైతే ఓనర్ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్ మెసేజ్‌గానైనా ఉండాలి. బాల్కనీ మీరే చూడండి. పావురాల నైలాన్ వల పిల్లి పళ్ళకు, గోళ్ళకు ఆగదు. ఇన్విజిబుల్ గ్రిల్‌లో తీగల మధ్య ఎడం ఎక్కువైతే సన్నటి పిల్లి తల దూర్చేస్తుంది. తల పట్టిన చోట ఒళ్ళూ పడుతుంది. గట్టి స్టీలు జాలీ కానీ, పిల్లి గదిని బాల్కనీ నుంచి వేరుచేసే తలుపు కానీ ఉండాలి. వెల్క్రోతో అంటించిన దోమల జాలీని లెక్కలోకి తీసుకోవద్దు. నేల తుడిచే ఫినాయిల్, కలరా ఉండలు, కుక్కల పిడుదుల మందులో ఉండే పెర్మెత్రిన్, లిల్లీ పూలు ఆ ఇంట్లోంచి పోవాలి. వీటిలో ప్రతి ఒక్కటీ పిల్లికి విషమే.

ఒప్పంద పత్రంలో ఆధార్ కాపీ, చిరునామా, వద్దనుకుంటే షెల్టర్‌కే తిరిగివ్వాలనే షరతు రాయించుకోండి. జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే, కానీ మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ చట్టం ఎవరినీ భయపెట్టదు. "ఎప్పుడైనా సరే, కారణం అడగం, మాకే ఇచ్చేయండి" అన్న మాట, దానికి తగ్గట్టు పలికే ఫోను, అవే పిల్లిని కాపాడతాయి.

కిడ్నీ జబ్బు ముదిరిన పిల్లికి చర్మం కింద సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది. వినగానే జడుస్తారు, ఒకసారి చూస్తే ధైర్యం వస్తుంది, అందుకే తీసుకెళ్ళేవాళ్ళ చేత షెల్టర్‌లోనే రెండు మూడుసార్లు చేయించండి. మెడికల్ షాపులో దొరికే 500 మి.లీ. రింగర్ లాక్టేట్ సీసా, ఐవీ సెట్, 20 గేజ్ సూది కావాలి. సీసాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి, చుక్క మణికట్టు మీద వేసుకుని చూడాలి. ట్యూబులో గాలి పోయేదాకా కొంచెం వదలాలి. సీసా తలకంటే ఎత్తులో వేలాడదీసి, భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి ఎత్తి, సూదిని వెన్నుకు సమాంతరంగా గుచ్చాలి. బొచ్చు తడిసిందంటే సూది రెండోవైపు బయటికొచ్చిందన్నమాట. 100 మి.లీ. ఇచ్చాక భుజం దగ్గర ముద్దలా వేలాడుతుంది, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. ప్రతిసారీ కొత్త సూది. ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది వెట్ రాసివ్వాలి, గుండె జబ్బున్న పిల్లికి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది.

పంపే రోజు కూడా చూసుకోవాలి. దీపావళికి ముందు రెండు వారాలు వద్దు, టపాసుల మోతకు కొత్త చోట పిల్లి మంచం కిందనుంచి బయటికి రాదు. సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊరెళ్ళేవాళ్ళకు పండగ అయ్యాకే ఇవ్వండి. మే నెల ఎండలో కిడ్నీ పిల్లిని ప్రయాణం చేయించాల్సి వస్తే తెల్లవారుజామునే, ఏసీ కారులో. పైకప్పు తెరుచుకునే క్యారియర్ తీసుకుంటే ముసలి పిల్లిని లాగకుండా పైనుంచి ఎత్తి తీయొచ్చు. అందులో షెల్టర్ దుప్పటి ఉతక్కుండా వేయండి. వారానికి సరిపడా అదే తిండి, పాత ట్రేలోని లిట్టర్ ఒక డబ్బా వెంట పంపండి.

మొదటి వారం ఒక్క గది చాలు. ఒక మూల ట్రే, దానికి దూరంగా తిండి, నీళ్ళు; పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టె, అందులో దుప్పటి. మంచం కింద చీపురుకు కూడా అందని మూలలు మూసేయాలి. చుట్టాలను పిలిచి చూపించొద్దు. ఇంట్లో వేరే పిల్లి ఉంటే రెండు వారాలు తలుపు వేసే ఉంచి, దుప్పట్లు మార్చి, తలుపుకు చెరోవైపు తిండి పెడుతూ వాసన అలవాటు చేయాలి. తిండి మార్చడం ఇప్పుడొద్దు, ఆ తర్వాత పది రోజుల మీద పాతదాంట్లో కొత్తది పావు, సగం, ముప్పావుగా కలుపుతూ పోవాలి.

ఈ వారంలో లెక్కపెట్టాల్సినవి రెండే, ఎంత తింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది. కుక్క రెండు రోజులు తినకపోతే తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. తిండి ఆగితే ఒంట్లో కొవ్వంతా లివర్‌లోకి చేరి పేరుకుంటుంది. లావు పిల్లికి ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని "బెంగలే, రెండ్రోజుల్లో అదే తింటుంది" అనే మాట ఎవరూ అనకూడదు. మొదటి రాత్రి తినకపోవడం మామూలే. 24 గంటలు ఏమీ ముట్టకపోతే వెట్‌కు ఫోన్ చేయాలి, 48 గంటలు దాటకుండా చూపించాలి. ఈలోపు తడి తిండిని గోరువెచ్చగా చేసి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్ళు రెండు చెంచాలు కలిపి, వెడల్పాటి ప్లేటులో పెట్టి, గదిలోంచి బయటికి వచ్చేయండి. మనం చూస్తుంటే తినదు. నోట్లో బలవంతంగా కుక్కితే ఆ తిండి మీదే అసహ్యం పుడుతుంది. మూత్రం ఉండలు రోజుకు రెండు నుంచి నాలుగు రావాలి. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి.

బరువు వారానికోసారి చూడాలి. పసిపిల్లల తక్కెడ లేకపోతే, క్యారియర్‌ను లగేజీ కాటాకు తగిలించి ఖాళీగా ఒకసారి, పిల్లితో ఒకసారి తూచి తేడా రాసుకుంటే సరిపోతుంది. నెలలో 5 శాతం తగ్గితే కబురు పంపమనండి. 3.4 కిలోల పిల్లికి అది 170 గ్రాములే, కంటికి కనిపించదు, కాటాకు తెలుస్తుంది.

షెల్టర్ వైపునుంచి మొదటి, మూడో, ఏడో రోజు, తర్వాత రెండో వారం, నెల, మూడు నెలలకు ఫోన్ వెళ్ళాలి. "ఎలా ఉంది?" అంటే "బాగుందండీ" అనే వస్తుంది. నిన్న ఎన్ని గ్రాములు తింది, ఎక్కడ పడుకుంది, ట్రే ఫోటో పంపగలరా అని అడగండి. మూడు నెలల ఫోన్‌లోనే ఆరో నెల రక్తపరీక్ష తేదీ ఖాయం చేసేయండి. ఆ రిపోర్టు ఒక కాపీ ఇంటివాళ్ళ వెట్‌కు, ఒకటి షెల్టర్ ఫైల్‌కు వెళ్ళాలి, ఎందుకంటే పాత అంకెల పక్కన పెట్టి చూస్తేనే డైట్ మార్చాలో సెలైన్ మొదలుపెట్టాలో వెట్ చెప్పగలుగుతారు.